ప్లాస్టిక్ బంపర్ మీది సన్న గీతలను ఇంటి దగ్గరే పోగొట్టుకోవడం ఎలా?

తిరుపతిలో కారున్నవారి బంపర్ మీద గీత లేకపోతేనే విశేషం. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఆటో రాసుకుంటూ పోతుంది, అలిపిరి తనిఖీ కేంద్రం ముందు వరుసలో వెనకనున్న కారు మెల్లగా వచ్చి ఆనుతుంది, అవేవీ లేకపోయినా సొంత ఇంటి గేటు స్తంభం ఉండనే ఉంటుంది. ఇలా పడిన గీతను చూపించగానే డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో వినిపించే మొదటి మాట బంపర్ మొత్తానికి రంగు వేయాలన్నదే. లోతైన గీతల విషయంలో ఆ మాట నిజమే. పైపైన పడిన సన్న గీతలకు మాత్రం అంత అవసరం లేదు. ఒక పూట తీరిక, కాస్త ఓపిక, కొద్దిపాటి సామాను ఉంటే వాటిని ఇంటి దగ్గరే కనిపించకుండా చేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. గీత అంటే పైపొరలో పడిన పల్లం. దాని చుట్టూ ఉన్న పొరను ఆ పల్లం అడుగు దాకా సమంగా అరగదీసినప్పుడే గీత నిజంగా పోతుంది. కాబట్టి గీత తీసిన ప్రతిసారీ పైపొర కొంత శాశ్వతంగా తగ్గిపోతుంది, తగ్గిన పొర తిరిగి రాదు. ఆ పొర ఎంత ఉంది, గీత ఎంత లోతుకు దిగింది, ఎక్కడ చేయి ఆపాలి అన్న లెక్క సరిగా వేసుకుంటే మిగిలిన పని సులువే.

బంపర్ మీద ఏయే పొరలుంటాయి

ఇప్పటి కార్ల బంపర్లు చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో రబ్బరు స్వభావమున్న పదార్థం కలిపి పోత పోసినవి. బంపర్ లోపలి వైపు టార్చి వేసి చూస్తే ‘పీపీ ప్లస్ ఈపీడీఎం’ అన్న అచ్చు చాలా కార్లలో కనిపిస్తుంది. ఈ ప్లాస్టిక్‌కు రంగు తనంతట తాను అంటుకోదు కనుక ఫ్యాక్టరీలో ముందుగా దాని ఉపరితలాన్ని సిద్ధం చేసి, ప్రైమర్ (రంగు పట్టి ఉండేందుకు వేసే తొలి పూత) కొట్టి, దానిపై రంగు పొర, ఆపైన రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. మెరుపంతా ఆ చివరి పొరదే, ఎండను తట్టుకునేదీ అదే. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉంటుంది. మనిషి తల వెంట్రుక ఇంచుమించు 70 మైక్రాన్లు ఉంటుందంటే, చేతిలో ఉన్న పెట్టుబడి ఎంతో అర్థమవుతుంది.

బానెట్ మీద పనికొచ్చిన పద్ధతి బంపర్ మీద యథాతథంగా పనికిరాదు. ఇనుప రేకు రాపిడి వేడిని చుట్టూ పంచేసుకుంటుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు, రుద్దిన చోటే వేడి నిలిచిపోయి రంగు మెత్తబడుతుంది, మితిమీరితే పొర ముడతపడి చిరుగుతుంది. అదీగాక బంపర్ నిండా వంపులు, మడతలు ఉంటాయి. మడత తిరిగిన అంచు మీద క్లియర్ కోట్ చదునైన చోట కన్నా పల్చగా ఉంటుంది, పైగా రుద్దుడు బరువంతా ఆ సన్నని అంచు మీదే పడుతుంది. రంగు మందం కొలిచే మామూలు మీటర్లు కింద లోహం ఉంటేనే పనిచేస్తాయి కనుక ఇక్కడ అవి అంకె చూపించవు. కళ్లతో, వేళ్లతో అంచనా వేసుకోవలసిందే.

బంపర్ కింది భాగంలో రంగు వేయని గరుకు నల్ల ప్లాస్టిక్ ఉంటే దానికి ఈ పద్ధతి ఏదీ వర్తించదు. దాన్ని పాలిష్ చేస్తే గరుకుదనం అరిగి నున్నటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ పోదు. మ్యాట్ రంగు వేసిన కార్లకూ ఇదే మాట.

సామాను

కారు షాంపూ, రెండు బకెట్లు, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను, క్లే బార్ (రంగుకు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద), మాస్కింగ్ టేప్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సన్నరకం కాంపౌండ్ (పైపొరను కొద్దికొద్దిగా అరగదీసే పేస్టు), దానికన్నా మెత్తనైన ఫినిషింగ్ పాలిష్, ఫోమ్ అప్లికేటర్లు రెండు, చివర్లో రాయడానికి మైనం లేదా మైనంలాగే పైపొరను కాపాడే సీలెంట్ కావాలి. 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్‌ను (నీళ్లతో తడిపి రుద్దే సన్నరకం గరుకు కాగితం) తప్పనిసరి అయితేనే కొనండి. ఇంట్లో ఉంటే వాడాలనిపిస్తుంది.

కాంపౌండ్ కొనేటప్పుడు కాస్త జాగ్రత్తగా చూడాలి. షెడ్డుల్లో వాడే డబ్బా రబ్బింగ్ కాంపౌండ్ ముతకది, కొత్తగా కొట్టిన రంగును చదును చేయడానికి ఉద్దేశించినది. క్లియర్ కోట్‌కు సరిపడేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న సన్నరకాన్నే అడిగి తీసుకోండి. ఆల్కహాల్‌కు బదులుగా చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు. అందులోని జిగురు, గ్లిజరిన్ గీతలో చేరి పని పూర్తయిందన్న భ్రమ కలిగిస్తాయి. టూత్‌పేస్ట్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందులో రాపిడి కణాలున్న మాట నిజమే గానీ వాటిని రంగు కోసం తయారు చేయలేదు. ఒక్కోసారి అవి గీతను తగ్గించకుండా చుట్టూ మసక మాత్రం మిగులుస్తాయి. కొబ్బరినూనె రాస్తే గీత కనబడదు, నిజమే, కానీ మొదటి కడుగుడుకే నూనె పోయి గీత మళ్లీ బయటపడుతుంది. ఆ చిట్కా పాత కారు అమ్మబోయేవారికి తప్ప ఎవరికీ ఉపయోగపడదు.

సమయం, చోటు

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలబెట్టిన కారు బంపర్ అంతకన్నా చాలా ఎక్కువగా కాలుతుంది. వేడి మీద కాంపౌండ్ రుద్దక ముందే ఎండిపోయి పొడిగా రాలుతుంది, ఆ పొడే కొత్త గీతలు గీస్తుంది. కారును రాత్రంతా నీడన ఉంచి తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య మొదలుపెట్టడం మేలు. ముంజేయి వెనక భాగం బంపర్‌కు ఆనించినప్పుడు చల్లగా అనిపించాలి. లోతైన గీతలో నింపే టచప్ రంగు పెట్టే ఆలోచన ఉంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే వానల్లో ముసురు పట్టిన రోజులను వదిలేయండి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు రంగు సరిగా ఆరదు.

మొదటి మెట్టు: కడగడం

ఈ మెట్టును తొందరగా ముగించాలని అందరికీ ఉంటుంది, సగం గీతలు ఇక్కడే పుడతాయి. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ కటింగ్ యూనిట్లున్న రోడ్ల మీద తిరిగే కార్ల మీద పేరుకునే దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. అది గాజును కూడా గీయగలిగేంత గట్టిది, క్లియర్ కోట్ ఒక లెక్క కాదు. కనుక ముందుగా గుడ్డ తగలకుండా పైపుతో నీళ్లు ధారాళంగా కొట్టి దుమ్మును జారవిడవాలి. తర్వాత ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండో దానిలో మంచినీళ్లు పెట్టుకుని, గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచుతూ పైనుంచి కిందికి తుడవాలి. బట్టల సబ్బుపొడి వాడవద్దు.

కాణిపాకంలోనో అలిపిరి పాదాల మండపం దగ్గరో బండికి పూజ చేయించినవారు బంపర్ మీది పసుపు, కుంకుమను పొడిగుడ్డతో తుడిచేయడం మామూలే. దానికి అంటుకున్న దుమ్ము కూడా గుడ్డ కింద పడి నలుగుతుంది కాబట్టి అది గీతలు పడే తీరు. బొట్టును రెండు రోజులు ఉండనిచ్చి, తర్వాత నీళ్లతో నానబెట్టి కడగండి. తెల్లకారు మీద పసుపు ఛాయ మిగిలితే దాని కోసం కాంపౌండ్ తీయకండి. పసుపులోని రంగు ఎండకు తానే వెలిసిపోతుంది.

మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ కనుక బంపర్ మీద వాటిని ఆరనిస్తే తెల్లటి చుక్కలు మిగిలి గీతను సరిగా చూడనివ్వవు. చివరి కడుగుడుకు ఇంట్లోని 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ నుంచి రెండు చెంబులు పోసి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డ అద్ది తడి పీల్చేయండి, రుద్దవద్దు.

రెండో మెట్టు: అది నిజంగా గీతేనా?

బంపర్ మీద కనిపించే గీతల్లో చాలావాటిలో పల్లమే ఉండదు. ఎదుటి బండి రంగో, గోడ సున్నమో మన రంగు మీద అంటుకుని గీతలా కనిపిస్తుంది. ఎర్రకారు మీద తెల్లచార ఉంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, చార మీద కొన్ని క్షణాలు ఆనించి ఉంచి, పొడవునా మెల్లగా తుడవండి. గుడ్డకు ఎదుటి బండి రంగు అంటుకుంటూ ఉంటే అలాగే కొనసాగించండి. మీ కారు రంగే అంటుతుంటే వెంటనే ఆపండి. సున్నం, సిమెంటు మరకలైతే నీళ్లు కలిపిన వెనిగర్‌తో ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి శుభ్రంగా కడిగేయాలి. రంగును పల్చన చేయడానికి వాడే ఘాటైన నైట్రో థిన్నర్ జోలికి మాత్రం వెళ్లవద్దు, షెడ్డులో దాన్ని అలవాటుగా వాడుతున్నా సరే. ఇదివరకు రీపెయింట్ చేసిన బంపర్ అయితే అది రంగునే కరిగించగలదు.

తర్వాత క్లే బార్. చిన్న ముద్దను అరచేతిలో చదును చేసి, షాంపూ కలిపిన నీళ్లు బాగా చల్లి, బరువు వేయకుండా అటూ ఇటూ జరపండి. మొదట చేతికి చిన్న గరగర తగులుతుంది. మురికి పోయేకొద్దీ అది తగ్గి ముద్ద నిశ్శబ్దంగా జారుతుంది. మధ్యమధ్య ముద్దను మడిచి కొత్త ముఖం బయటికి తెచ్చుకోవాలి. అది నేలమీద పడితే నీళ్లతో కడిగి వాడుకోవచ్చని అనుకోవద్దు, పారేయండి.

మూడో మెట్టు: లోతు తెలుసుకోవడం

బంపర్ పొడిగా ఉన్నప్పుడు నీడలో ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి గీతను చూడండి. ఇప్పుడు దాని మీద నీళ్లు చల్లండి. తడి ఉన్నంతసేపు గీత కనబడకుండా పోయి, ఆరగానే తిరిగి తేలితే అది క్లియర్ కోట్‌లోనే ఆగిందని ఎక్కువ సందర్భాల్లో నమ్మవచ్చు. ఆ తర్వాత గోరును గీతకు అడ్డంగా, బరువు లేకుండా లాగండి. గోరు ఆగకుండా జారిపోతే కాంపౌండ్ సరిపోతుంది. కొద్దిగా తగిలినట్టుండి దాటిపోతే కాంపౌండ్‌తో గీత తగ్గుతుంది గానీ పూర్తిగా పోకపోవచ్చు. గోరు టక్కున ఆగిపోతే ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. ఆ లోతుకు దిగేలోపు చుట్టూ క్లియర్ కోట్ అయిపోతుంది.

గీత అడుగున కనిపించే రంగును కూడా చూడాలి. లోపల బూడిద రంగో వేరే ఛాయో కనబడితే ప్రైమర్ దాకా దిగిందని, నల్లగా మొద్దుగా కనబడితే ప్లాస్టిక్కే బయటపడిందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ కింద చెప్పిన టచప్ భాగానికి నేరుగా వెళ్లండి.

నాలుగో మెట్టు: చేత్తో కాంపౌండ్

గీత చుట్టూ అరచేయి పట్టేంత జాగా వదిలి, దగ్గరలోని మడత అంచులు, పార్కింగ్ సెన్సర్లు, నల్ల ప్లాస్టిక్ పట్టీ, నంబర్ ప్లేట్, లైటు అంచు అన్నింటికీ మాస్కింగ్ టేప్ అంటించండి. కాంపౌండ్ నల్ల ప్లాస్టిక్‌లోకి చేరి తెల్లగా ఎండితే దాన్ని తీయడం గీత తీయడం కన్నా కష్టం.

ముందుగా బంపర్ కింది మూల వంటి కనబడని చోట ఒకసారి రుద్ది చూడండి. కొన్ని ఘన రంగు కార్లలో, ముఖ్యంగా పాతవాటిలో, మళ్లీ రంగు వేయించినవాటిలో, క్లియర్ కోట్ ఉండదు; అప్పుడు అప్లికేటర్‌కు కారు రంగే అంటుతుంది. అది ఆ రంగుకు సహజమే గానీ మీ పొర మరీ పల్చనిదని గుర్తుంచుకుని చేయి మరింత తేలికగా ఆడించాలి. క్లియర్ కోట్ ఉన్న కారులో రంగు అంటిందంటే మాత్రం అక్కడ ఆ పొర ఇప్పటికే అయిపోయింది.

ఫోమ్ అప్లికేటర్ మీద కాంపౌండ్ బఠాణీ గింజంతవి మూడు చుక్కలు పెట్టి, గీత మీద ముందుగా అద్ది పరచండి. తర్వాత ఒక మాదిరి ఒత్తిడితో గీతకు అడ్డంగా, ఆ తర్వాత గీత పొడవునా, మార్చి మార్చి రుద్దండి. గుండ్రంగా తిప్పుతూ రుద్దడం అలవాటుగా వస్తుంది గానీ అది ఎండలో సుడులుగా కనబడే జాడలను మిగులుస్తుంది. మొదట తెల్లగా మందంగా ఉన్న కాంపౌండ్ ఒకటి రెండు నిమిషాల్లో పల్చబడి దాదాపు పారదర్శకమైన తడిపొరగా మారుతుంది. అప్పుడే ఆగి తుడవాలి. పూర్తిగా ఎండేదాకా రుద్దితే లాభం లేకపోగా వేడి పెరుగుతుంది.

తుడిచాక సగం ఆల్కహాల్, సగం క్యాన్ నీళ్లు కలిపిన మిశ్రమాన్ని చల్లి మరో శుభ్రమైన గుడ్డతో తుడవండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. కాంపౌండ్‌లోని నూనెలు గీతలో నిండి గీత పోయినట్టు చూపిస్తాయి, అవి తొలగితేనే అసలు స్థితి తెలుస్తుంది. మళ్లీ టార్చి వేసి చూసి, గీత తగ్గుతూ ఉంటే ఇదే పనిని మరో రెండు మూడుసార్లు చేయండి. రెండు విడతల మధ్య తేడా ఏమీ కనబడకపోతే ఆ గీత కాంపౌండ్‌కు లొంగేది కాదని ఒప్పుకోవడం మంచిది. నాలుగు అడుగుల దూరం నుంచి కనబడని గీతను వదిలేయాలన్నది నా అభిప్రాయం. మిగిలిన ఆ కాస్త లోతు కోసం అరగదీసే పొర, రేపు అదే మూలన పడబోయే గీతకు అవసరమవుతుంది.

గీత తగ్గాక అక్కడ చిన్న మసక మిగులుతుంది. కొత్త అప్లికేటర్‌తో, తక్కువ ఒత్తిడితో ఫినిషింగ్ పాలిష్ పట్టిస్తే ఆ మసక పోయి మెరుపు చుట్టుపక్కలతో కలిసిపోతుంది. ముదురు రంగు కార్లకు ఈ పని తప్పనిసరి, తెల్లవాటికి చాలాసార్లు అవసరం కూడా పడదు.

మెషిన్ వాడదలచినవారికి

తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ రకం పాలిషర్‌కు మూడంగుళాల ఫోమ్ ప్యాడ్ బిగించి, ఆరు వేగాలున్న మెషిన్‌లో మూడు లేదా నాలుగు మీద పెట్టుకుని, మెల్లగా నాలుగైదు సార్లు అటూ ఇటూ నడిపితే చాలు. ప్యాడ్‌ను ఒక్కచోట నిలబెట్టకూడదు, అంచు మీద ఆనించకూడదు. ప్రతి విడత తర్వాత చేయి పెట్టి చూడండి. గోరువెచ్చన దాటితే చల్లారేదాకా ఆగాలి. షెడ్డుల్లో కనిపించే, ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ బఫింగ్ మెషిన్‌నూ ఉన్ని ప్యాడ్‌నూ బంపర్ కోసం ఇంట్లో ప్రయత్నించవద్దు. డ్రిల్ మెషిన్‌కు బిగించే ప్యాడ్ల సంగతీ అంతే.

వాటర్ పేపర్: చివరి మార్గం

గోరుకు కొద్దిగా తగిలే గీత, చదునైన చోట, కాంపౌండ్‌కు లొంగకుండా మిగిలి, మీరు దాన్ని చూడకుండా ఉండలేకపోతే మాత్రమే ఇక్కడికి రండి. 2000 నంబర్ పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టి, చిన్న మెత్తటి ఫోమ్ దిమ్మకు చుట్టండి. వేళ్లతో నేరుగా పట్టుకుంటే వేలి బరువు పడిన చోట కాలువలు పడతాయి. బంపర్ మీద ఒకటి రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు చల్లుతూ ఒకే దిశలో, బరువు వేయకుండా ఏడెనిమిది సార్లు నడిపి ఆగండి.

ఇప్పుడు కారే నీళ్లను చూడండి. అవి పాలలా తెల్లగా ఉంటే మీరు క్లియర్ కోట్‌లోనే ఉన్నారు. అందులో కారు రంగు జాడ ఏమాత్రం కనబడినా పేపర్ పక్కన పెట్టేయాలి, ఇంకొక్కసారి అన్న మాటే వద్దు. తెల్లకారు ఉన్నవారికి ఈ హెచ్చరిక పనిచేయదు, రెండూ తెల్లగానే ఉంటాయి. అందువల్ల తెల్ల బంపర్‌ను పేపర్‌తో ముట్టకపోవడమే క్షేమం. తుడిచి ఆరబెట్టి చూస్తే మసకబారిన చోట మధ్యలో గీత మాత్రం మెరుస్తూ కనబడుతుంది. ఆ మెరుపు సన్నబడి దాదాపు పోయే దాకానే రుద్ది, 3000 నంబర్ పేపర్‌తో అడ్డదిశలో నునుపు చేసి, పైన చెప్పినట్టు కాంపౌండ్, పాలిష్ పట్టించాలి. పేపర్ మసకను చేత్తో పూర్తిగా తీయడం చాలా శ్రమ, దీనికి మెషిన్ చేతిలో ఉంటేనే పూనుకోండి.

రంగు దాటిపోయిన గీతలకు టచప్

కారు రంగు కోడ్ డోర్ ఫ్రేమ్ మీదో బానెట్ కిందో ఉన్న స్టిక్కర్‌లో దొరుకుతుంది. ఆ కోడ్ చెప్పి టచప్ సీసా తెచ్చుకోండి. ‘తెలుపు’, ‘సిల్వర్’ అని చెబితే తేడా పడుతుంది. గీతను ఆల్కహాల్‌తో తుడిచి, టూత్‌పిక్ కొనతో గీత లోపల మాత్రమే పల్చగా రంగు నింపండి. ఒకేసారి మందంగా పెడితే బంపర్ కొంచెం వంగినప్పుడు అది పెళుసుగా విరిగి ఊడుతుంది. పొరకూ పొరకూ మధ్య అరగంట నుంచి గంట ఆగి, చివర్లో క్లియర్ పెట్టండి. ప్లాస్టిక్ బయటపడిన చోట ముందుగా ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమర్ లేనిదే రంగు నిలవదు.

బంపర్ పగిలినా, నొక్కుపడినా, రంగు పెచ్చులుగా లేచినా షెడ్డుకే వెళ్లాలి. అక్కడ రెండు ప్రశ్నలు అడగండి: ప్లాస్టిక్ ప్రైమర్ వాడతారా, వంగే గుణం కోసం రంగులో ఫ్లెక్స్ అడిటివ్ కలుపుతారా? బంపర్ వెనక రాడార్ ఉన్న కొత్త కార్లలో పుట్టీ, రంగు మందంగా పేరుకుంటే రాడార్ సరిగా పనిచేయకపోవచ్చు, పార్కింగ్ సెన్సర్ ముఖాల మీద పడే మందపాటి రంగుతోనూ అదే ఇబ్బంది. ఈ సంగతిని బండి అప్పగించేటప్పుడే చెప్పాలి.

పని అయ్యాక

పాలిష్ చేసిన చోట ఇదివరకు ఉన్న మైనం కూడా పోయి ఉంటుంది. అందుకని మైనాన్నో సీలెంట్‌నో పల్చగా రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, మెత్తగా తుడిచేయండి. ఆ రోజు కారును కడగవద్దు. టచప్ రంగు పెట్టిన చోట మాత్రం ఇప్పుడే మైనం రాయకూడదు. రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆరిపోవడానికి నెల రోజులు ఆగాలి. ఆ లోపల అక్కడ నీళ్లు, షాంపూ తప్ప మరేదీ తగలనివ్వవద్దు.

ఏ మూలన, ఏ తేదీన కాంపౌండ్ పట్టించారో, పేపర్ వాడారో లేదో సర్వీస్ పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోండి. మందం కొలిచే వీలు లేని బంపర్ మీద ఇంకెంత పొర మిగిలిందో అంచనా వేయడానికి ఆ రాతే ఆధారం. ఒకే చోట రెండుసార్లు పేపర్ పడి ఉంటే, మూడోసారి అక్కడ గీత పడినప్పుడు పాలిష్ డబ్బా తెరవకుండా టచప్ సీసా తీయండి.